రెండున్నర కిలోలు

కూరగాయలమ్మే మనిషి తూకం అయిపోయాక కూడా చేతికందిన రెండు కాయలు తీసి సంచిలో పడేస్తుంది. దాన్ని కొసరు అంటాం. కొసరు వెయ్యని మనిషి దగ్గర రెండోసారి కొనబుద్ధి కాదు. కాన్పుల వార్డులో పెద్ద సిస్టర్ కూడా ఇరవై ఆరేళ్లుగా కొసరు వేస్తూనే వచ్చింది. కాకపోతే ఆమె తూచేది పుట్టిన పిల్లల్ని.

కాన్పుల గదిని ఆనుకుని ఒక ఇరుకు గది ఉంది. అందులో ఒక కుళాయి, ఒక రేకు బల్ల, బల్ల మీద తూకం యంత్రం. బిడ్డను పడుకోబెడితే ఎర్రటి అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి ఒకచోట ఆగుతాయి. పద్ధతి ఏమిటంటే, ముందు ఉత్త గుడ్డను యంత్రం మీద పరచాలి, మీట నొక్కి అంకెల్ని సున్నాకు తేవాలి, ఆ తర్వాతే బిడ్డను పెట్టాలి. పెద్ద సిస్టర్ ఆ మీట జోలికి పోయేది కాదు. గుడ్డలో చుట్టిన బిడ్డను చుట్టినట్టే తూచేది. మందపాటి గుడ్డ అయితే రెండు వందల గ్రాములు, రెండు గుడ్డలైతే ఇంకాస్త, అంతా బిడ్డ లెక్కలోకే పోయేది.

ఇది బద్ధకం కాదు, మతిమరుపు అంతకన్నా కాదు. రెండున్నర కిలోల దగ్గర ఒక హద్దు ఉంది. అంతకు పది గ్రాములు తగ్గినా బిడ్డ కార్డు మీద ఎర్ర గీత కొట్టాలి. ఎర్ర గీత పడిందంటే బిడ్డ ఎంత చక్కగా ఉన్నా సరే, తల్లి పక్కలోంచి తీసి మూడు రోజులు అద్దాల గదిలో పెట్టాలి. అక్కడితో అయిపోదు. పన్నెండేళ్లు నిండేదాకా ఏటా ఒకసారి పెద్దాసుపత్రి నుంచి పిలుపు వస్తుంది. అక్కడ ఎత్తు కొలుస్తారనీ, బుల్లి పట్టీ ఒకటి చేతికి చుట్టి బీపీ చూస్తారనీ, సీసాలో మూత్రం పట్టి పరీక్షకు పంపుతారనీ పెద్ద సిస్టర్ విన్నది. ఎందుకన్నది ఆమెకెవరూ చెప్పలేదు, ఆమే అడగలేదు. గుండ్రాయిలాంటి పిల్లల్ని పట్టుకుని ఈ పిలుపులేమిటి, తల్లులకు వేరే పనుండదా అని విసుక్కునేది.

ఆమెకు తెలిసినవి తల్లుల మొహాలు. "రెండు కిలోల మూడొందలు" అని చెప్పగానే ఆ మొహం వాడిపోయేది. మంచం పక్కన నిలబడ్డ అత్తగారు "మేం తిండి పెట్టలేదనుకుంటారు నలుగురూ" అని ఓ మాట విసిరేది. అదే "రెండున్నర" అంటే తల్లి మొహం విప్పారేది, అత్తగారి నోటికి తాళం పడేది. ఒక గుడ్డ ముక్కతో పోయేదానికి ఇంత రాద్ధాంతం దేనికని పెద్ద సిస్టర్ ఉద్దేశం. అయితే ఆమె తరఫున ఒక్క మాట చెప్పి తీరాలి. ఒళ్లు ఎర్రగా ఉండి, గొంతు చించుకుని ఏడ్చి, పాలు పట్టుకున్న బిడ్డకే ఆమె కొసరు వేసేది. నలతగా ఉన్న బిడ్డను ఒక్కరినీ దాచలేదు. ఈ మాట చెప్పినందువల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు గానీ, నిజం కాబట్టి చెప్పాం.

ఆమెకు తన సంసారమంటూ లేదు. ఉన్నదల్లా ఒక చెల్లెలు. తల్లి పోయేనాటికి ఈమెకు ఇరవై రెండేళ్లు, చెల్లెలికి ఎనిమిది. జడలు వేసింది, ఎక్కాలు అప్పజెప్పించుకుంది, లారీ డ్రైవరుకిచ్చి పెళ్లి చేసింది. ఆ చెల్లెలికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నిలిచింది గానీ ఏడో నెల నుంచే బీపీ పట్టుకుంది. కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. నెలలు నిండడానికి మూడు వారాలుండగానే కాన్పు చేసేయాల్సి వచ్చింది. ఆడపిల్ల.

పెద్ద సిస్టరే బిడ్డను అందుకుని ఇరుకు గదిలోకి తెచ్చింది. రెండు గుడ్డలు చుట్టి తూచినా అంకెలు హద్దు దరిదాపులకు రాలేదు. ఆ రోజు ఆమె ఎన్నడూ లేనిది గుడ్డలు విప్పి, మీట నొక్కి, సరైన తూకం చూసింది. కిలో తొమ్మిదొందల నలభై గ్రాములు. బిడ్డ మాత్రం పిడికిళ్లు బిగించి వార్డంతా వినబడేలా ఏడుస్తోంది. వేలు నోటికి ఆనిస్తే లాగుతోంది. అవతల చెల్లెలు, ఈ బిడ్డ కూడా దక్కదేమోనని కళ్లు తలుపుకే అప్పగించి పడుకుని ఉంది. అద్దాల గది మాట ఎత్తితే దాని ప్రాణం అక్కడే పోయేలా ఉంది. ఇక కొసరుతో పనయ్యేలా లేదు. పెద్ద సిస్టర్ పెన్ను తీసి, కార్డు మీదా రిజిస్టరులోనూ 2.5 అని రాసేసింది.

"ఎంతుందక్కా?" అని అడిగింది చెల్లెలు.

"రెండున్నర."

"నిజంగానా?"

"నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా?"

అప్పటిదాకా చెప్పలేదు, ఆ మాట నిజమే. చెల్లెలు బిడ్డను గుండెల మీద వేసుకుని, నొప్పులప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

పిల్లకు నలుసు అని ముద్దుపేరు పెట్టింది తండ్రి. లారీ దిగి నేరుగా వార్డుకొచ్చి, బిడ్డను అరచేతుల్లోకి తీసుకుని, "రెండున్నర కిలోలంటే ఇంతేనా వదినా?" అని అడిగాడు. "స్టీరింగు తిప్పీ తిప్పీ నీ చేతులు చేటలయ్యాయి, అందుకే అలా కనబడుతోంది" అని ఆమె నవ్వేసింది. నలుసుకు ఆమె పెద్దమ్మ. ఇకమీదట మనమూ అలాగే అందాం.

మనిషి నలుసే గానీ నోరు మాత్రం ఇంతింత కాదు. బడిలో ఎత్తు ప్రకారం నిలబెడితే ఎప్పుడూ తనే ముందు. "పెద్దమ్మా, నేను ఇంతకన్నా ఎదగకపోతే మీ వార్డులో చిన్న మంచం ఒకటి ఖాళీగా ఉంచు, వచ్చేస్తా" అనేది. దాహం ఎక్కువ. బడికి రెండు సీసాల నీళ్లు మోసుకెళ్లి సాయంత్రానికి రెండూ ఖాళీ చేసుకొచ్చేది. తొమ్మిదేళ్లొచ్చినా పక్క తడపడం మానలేదు. ఆ సంగతి బయటికి పొక్కకుండా చెల్లెలు దుప్పట్లు వంటింటి వెనక ఆరేసేది. అంత నీళ్లు తాగితే పక్క తడపదా ఏమిటని ఇద్దరూ సర్దిచెప్పుకున్నారు.

ఏడో ఏట నుంచి తలనొప్పులు మొదలయ్యాయి. "పుస్తకాన్ని ముక్కుకానించి చదివితే రాదూ మరి. నొప్పి మాత్ర సగం విరిచి వెయ్యి, పోతుంది" అంది పెద్దమ్మ. కళ్లజోడు కూడా కొనిపెట్టింది. కళ్లజోడు వచ్చింది, తలనొప్పి పోలేదు. సగం మాత్ర కాస్తా ఒక మాత్ర అయింది, అప్పుడప్పుడూ వేసేది కాస్తా వారానికి మూడుసార్లు అయింది. అలా రెండేళ్లు గడిచాయి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలంటే నోరు రావడం లేదు. పెద్దమ్మ రోజుకు నలభై మంది చేతులకు పట్టీ చుట్టి బీపీ చూస్తుంది. ఇంటికొస్తే చెల్లెలికి చూస్తుంది, మరిది లారీ దిగితే అతనికి చూస్తుంది. నలుసు చేతికి మాత్రం ఒక్కసారి కూడా చుట్టలేదు. ఒకనాడు నలుసే చెయ్యి చాపి "నాకూ చూడవా" అంటే, "ఈ పట్టీ నీ చేతికి రెండు చుట్లు తిరుగుతుందే, పో అవతలికి" అని నవ్వి పంపించేసింది. పిల్లలకు బీపీ ఏమిటి అనుకుంది.

తొమ్మిదో ఏట, లెక్కల క్లాసులో బోర్డు దగ్గరికి వెళ్లిన నలుసు సుద్దముక్క చేతిలో ఉండగానే పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. బడివాళ్లు ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. అక్కడ బుల్లి పట్టీ చుట్టి చూస్తే, పెద్దవాళ్లకు కూడా ఉండకూడనంత బీపీ. మూడు రోజుల తర్వాత పెద్దాసుపత్రిలో పిల్లల కిడ్నీల డాక్టరమ్మ పిలిపించింది.

డాక్టరమ్మ గది మూడో అంతస్తులో ఉంది. సన్నపాటి మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, చేతిలో పెన్సిలు. ఎదుట ఒక అచ్చు కాగితం, పైనుంచి కింది దాకా ప్రశ్నలు. ఈ పక్కన చెల్లెలూ పెద్దమ్మా కూర్చున్నారు. మరిది ఎక్కడో రోడ్డు మీద ఉన్నాడు.

"రెండు కిడ్నీలూ కలిపి నూటికి పన్నెండు పాళ్లే పనిచేస్తున్నాయమ్మా" అంది డాక్టరమ్మ. "పిల్లల్లో ఇలా ఊరికే జరగదు. ఎక్కడో కారణం ఉంటుంది. అడుగుతాను, గుర్తున్నంత చెప్పండి. నెలలు నిండి పుట్టిందా?"

"మూడు వారాలు ముందే అండి" అంది చెల్లెలు.

"అదేమంత తేడా కాదు. కడుపుతో ఉండగా మీకు బీపీ ఉందా?"

"ఉందండి. చాలా ఎక్కువ. ఇప్పటికీ మాత్రలు వాడుతున్నాను."

డాక్టరమ్మ పెన్సిలు ఆగింది. "అయితే బిడ్డ చిన్నదిగా పుట్టి ఉండాలే. బరువెంత?"

చెల్లెలు సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి కార్డు తీసి, రెండు చేతులతో ఇచ్చింది. తొమ్మిదేళ్లలో మూల కూడా నలగనివ్వలేదు. "రెండున్నర అండి. మా అక్కే తూచింది. అక్క అక్కడే సిస్టరు."

డాక్టరమ్మ తలెత్తి పెద్దమ్మ వంక చూసింది. "మీరే తూచారా?"

పెద్దమ్మ ఒక్క మాట చెబితే చాలు. చెల్లెలు పక్కనే ఉంది, మోకాలికి మోకాలు తగులుతోంది.

"అవునండి" అంది.

డాక్టరమ్మ ఆ ప్రశ్న మీద అడ్డంగా ఒక గీత గీసి కిందికి దిగింది. మూత్రంలో చీము, ఒళ్లు వాపులు, రాళ్లు, పసితనంలో పెద్ద జబ్బులు, అన్నీ అడిగింది. చెల్లెలు అన్నింటికీ లేదు లేదు అంటూ వచ్చింది. ఏవైనా మందులు వాడారా అన్నప్పుడు నొప్పి మాత్రల సంగతి చెప్పింది.

"అవి మంచివి కావు" అంది డాక్టరమ్మ. "కానీ బాగున్న కిడ్నీలైతే కొంత తట్టుకునేవి. వీటికి మొదటి నుంచీ సత్తువ లేదు. స్కాన్‌లో రెండూ ఉండాల్సిన దాంట్లో సగమే ఉన్నాయి. పుట్టుకతోనే వడపోత తక్కువ అన్నమాట. బరువు తక్కువగా పుట్టిన పిల్లల్లో ఇలా చూస్తాం. మీ అమ్మాయి అలా పుట్టలేదంటున్నారు. అయితే వంశంలో ఏదో ఉండాలి. రక్తం దూరానికి పంపాలి, రిపోర్టు రావడానికి మూడు నెలలు పడుతుంది. అది వచ్చేదాకా రక్తసంబంధీకుల కిడ్నీ తీసి పాపకు పెట్టే మాట ఆపుదాం. వాళ్లలోనూ అదే జబ్బు ఉండొచ్చు కదా."

ఇంత చెబితే చెల్లెలి చెవికెక్కింది ఒక్క ముక్కే, నొప్పి మాత్రలు. ఇంటికెళ్లగానే అలమరాలో ఉన్న మాత్రలన్నీ తీసి చెత్తలో పోసింది. "నా చేత్తో నేనే వేశానక్కా, నీళ్లు కూడా నేనే పట్టానక్కా" అని కూర్చుంది. ఆ రోజే కాదు, రోజూ అదే పాట. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. "కాదే, నీ తప్పు కాదే" అని పెద్దమ్మ అంటే, "మరెవరిది, చెప్పు" అనేది. మాట రాని మనిషి పని చేస్తుంది. డ్యూటీ దిగగానే వచ్చి ఉప్పు లేకుండా నలుసుకు వేరే వండేది, గిన్నెలు తోమేది, బట్టలు ఉతికేది. అక్క లేకపోతే నేనేమైపోయేదాన్నో అని చెల్లెలు వచ్చినవాళ్లందరికీ చెప్పేది. పెద్దమ్మ కుళాయి ఇంకాస్త పెద్దగా తిప్పేది.

ఇవ్వదలచినవాళ్లు లేక కాదు. చెల్లెలికి బీపీ, పనికిరాదన్నారు. మరిదిది రక్తం కలవలేదు. పెద్దమ్మకు షుగర్. నలుసు పెదనాన్న, అంటే మరిదికి అన్న, వడ్రంగి పనివాడు, ఎవరూ అడక్కుండానే వచ్చి "నాది తీసుకోండి" అన్నాడు. రక్తం కలిసింది. అయితే రిపోర్టు వచ్చేదాకా ఆగమన్నారు. ఆ ఆగిన రోజుల్లో వంశంలో జబ్బు అన్న మాట ఆయన మెదడును తొలిచేసింది. ఆయనకూ ఇద్దరు పిల్లలున్నారు. రెండో నెలలో వచ్చి, కూర్చోకుండానే గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు. "వంశంలో ఉందంటున్నారు కదమ్మా. రేపు నా పిల్లలకే అవసరమైతే నేనేం ఇవ్వను? నన్ను తిట్టుకోకండి." ఎవరూ తిట్టలేదు. తిట్టడానికి ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

పెద్దమ్మ వంటింట్లో నిలబడి అంతా విన్నది. వీధిలోకి పరుగెత్తి ఆయన చెయ్యి పట్టుకుని, వంశంలో ఏమీ లేదు నాయనా, నేనే అబద్ధం రాశాను అని చెప్పాలని ఆమె కాళ్లు గడప దాకా వెళ్లాయి. అక్కడ చెల్లెలు తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. పెద్దమ్మ వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికి వచ్చేసింది. ఇంతటి పిరికిది ఇరవై ఆరేళ్లు కాన్పుల వార్డులో ఎలా నెట్టుకొచ్చిందా అనిపిస్తుంది. పరాయి వాళ్ల ప్రాణాల మీదికొస్తే ఆమె జంకే మనిషి కాదు. సొంత చెల్లెలి మొహం మారిపోతుందంటేనే భయం.

మూడో నెలాఖరుకు రిపోర్టు వచ్చింది. వంశంలో ఏమీ లేదు. నలుసు కిడ్నీలు ఈలోగా పన్నెండు నుంచి ఆరుకు దిగాయి. పిల్లకు వాంతులు పట్టుకున్నాయి, మెట్లెక్కితే ఆయాసం, ఆ వాగుడు కూడా సగానికి తగ్గిపోయింది. పెదనాన్నకు రిపోర్టు సంగతి చెప్పి పంపితే, "నిన్న ఉందన్నవాళ్లు ఇవాళ లేదంటున్నారు, రేపేమంటారో" అని కబురు చేశాడు.

ఆ తర్వాత పెద్దాసుపత్రికి వెళ్లిన రోజు, చెల్లెలు నలుసును తీసుకుని కిందికి వెళ్లాక, పెద్దమ్మ తిరిగి మూడో అంతస్తు ఎక్కింది. డాక్టరమ్మ టీ తాగుతోంది.

"పాప బరువు రెండున్నర కాదండి" అంది పెద్దమ్మ నిలబడే. "కిలో తొమ్మిదొందల నలభై. నేనే మార్చి రాశాను."

డాక్టరమ్మ గ్లాసు కింద పెట్టింది. తర్వాత కోపం లేకుండానే అడిగింది. "ఎందుకు?"

"తల్లి పక్కలోంచి తియ్యడం ఇష్టం లేక."

"ఎర్ర గీత పడి ఉంటే మూడో ఏటో నాలుగో ఏటో మూత్రంలో తేడా కనబడేది. బీపీ అప్పుడే దొరికేది. రోజుకొక చిన్న మాత్ర వేసేవాళ్లం, నొప్పి మాత్రల దరిదాపులకు పోవద్దనేవాళ్లం. ఆ కిడ్నీలు పెరిగేవని కాదు. పెళ్లీడు దాకా లాక్కొచ్చేవాళ్లమేమో."

"ఇప్పుడు చెప్పాను కదండి. ఇప్పుడేమైనా..."

"ఇప్పుడు తెలిసినా చేసే వైద్యం అదే. వచ్చే సోమవారం నుంచి డయాలిసిస్. వారానికి మూడుసార్లు. కిడ్నీ కోసం వెయిటింగ్ లిస్టులో పేరుంది, ముందు చాలామంది ఉన్నారు." డాక్టరమ్మ పెన్సిలు అందుకుని, మళ్లీ పెట్టేసింది. "ఇంకెంతమందికి ఇలా రాశారు?"

ఆ ప్రశ్న పెద్దమ్మ ఊహించలేదు. తన పాపం ఒక్క నలుసు దగ్గరే ఉందనుకుంది. "వారానికి ఇద్దరు ముగ్గురు" అంది, అని, తన మాట తనే విని, వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకుంది.

మర్నాడు డ్యూటీలో పాత రిజిస్టర్లు పేర్చిన గదిలోకి వెళ్లి, పన్నెండేళ్ల లోపు పిల్లలవన్నీ దించింది. పేర్లు చూసి ఎవరెవరికి కొసరు వేసిందో ఏరి, ఒక జాబితా రాసి పెద్దాసుపత్రికి పంపుదామని ఆమె ఆలోచన. బరువుల గడిలో వేలు పెట్టి పేజీలు తిప్పింది. రెండున్నర, రెండు ఎనిమిది, రెండున్నర, మూడు, రెండున్నర, రెండున్నర. అన్నీ ఆమె చేతిరాతే, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నిజంగా రెండున్నర ఉన్న బిడ్డ ఏదో, గుడ్డతో రెండున్నర అయిన బిడ్డ ఏదో రాసిన మనిషికే తెలియలేదు. మధ్యాహ్నం దాకా కూర్చుని ఒక్క పేరు కూడా రాయలేకపోయింది.

మేట్రన్ వచ్చి చూసి సంగతంతా విని తలుపు దగ్గరికి వేసింది. "తేనెతుట్టె కదపకు. ఊళ్లో పిల్లలందర్నీ పిలిచి మీకు కిడ్నీలు ఉన్నాయో లేవో చూస్తామంటావా? నీతో పాటు మా అందరి ఉద్యోగాలూ పోతాయి. వచ్చే ఏడు రిటైరవుతావు, గుట్టుగా వెళ్లిపో." పెద్దమ్మ వినలేదు, పై ఆఫీసుకు ఉత్తరం రాసింది. ఉత్తరం అందినట్టు చీటీ వచ్చింది. అంతకు మించి ఒక్క ముక్క లేదు.

బజారులో ఒకావిడ నవ్వుతూ పలకరించింది. చెయ్యి పట్టుకుని ఆరేడేళ్ల పిల్లాడు, కళ్ల కింద ఉబ్బుగా ఉన్నాడు. "వీడు మీ చేతుల్లో పుట్టినవాడే సిస్టర్" అంది. పెద్దమ్మ అక్కడే వంగి "తలనొప్పి వస్తోందా నాన్నా?" అని అడిగింది. "ఒకసారి బీపీ చూపించమ్మా, మూత్రం పరీక్ష చేయించు" అని తల్లికి చెప్పింది. ఆవిడ నవ్వు మాయమైంది. "మా వాడికేం సిస్టర్? సరిగ్గా రెండున్నర ఉన్నాడని మీరే అన్నారు కదా" అని పిల్లాణ్ని దగ్గరికి లాక్కుని వెళ్లిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ చెల్లెలింటికి వెళ్లింది. తెల్లారితే మొదటి డయాలిసిస్. మరిది ఇంకా రెండు రోజుల దూరంలో ఉన్నాడు. నలుసు లోపలి గదిలో పడుకుని ఉంది. చెల్లెలు నేల మీద కూర్చుని రేపటికి సంచి సర్దుతోంది. రెండు గౌన్లు, తువ్వాలు, రిపోర్టుల ఫైలు.

"రెండేళ్లక్కా" అంది తలెత్తకుండానే. "రెండేళ్లు నా చేత్తో విషం పెట్టాను. రేపు దాన్ని యంత్రానికి కడుతుంటే ఏ మొహంతో చూడను?"

"అది నీ వల్ల కాదు. దాని కిడ్నీలు పుట్టుకతోనే చిన్నవి. అది రెండున్నర కిలోలు లేదు. కిలో తొమ్మిదొందల నలభై ఉంది. నేను మార్చి రాశాను. నిజం రాసి ఉంటే ఏటేటా పిలిచి చూసేవాళ్లు, ముందే దొరికేది. మీ బావగారు వెనక్కి పోవడం కూడా నా మూలంగానే."

చెల్లెలు చేతిలో ఉన్న గౌను మడత పెట్టింది. విప్పి మళ్లీ మడత పెట్టింది.

"డాక్టరమ్మ అడిగినప్పుడు నా పక్కనే ఉన్నావు కదా."

"ఉన్నాను."

"ఈ మూడు నెలలూ నేను ఏడుస్తుంటే పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"ఇప్పుడెందుకు చెప్పావు?"

"తప్పు నీది కాదని నీకు తెలియాలని."

చెల్లెలు మొదటిసారి తలెత్తి చూసింది. కళ్లలో తడి లేదు. అది ఏడిస్తే ఎలా ఊరడించాలో పెద్దమ్మకు దాని చిన్నప్పటి నుంచీ తెలుసు. ఏడవకుండా చూస్తే ఏం చేయాలో ఎప్పుడూ తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

"ఇన్నాళ్లూ తప్పు నాదే అనుకున్నాను" అంది చెల్లెలు. "చచ్చిపోవాలనిపించేది. అయినా మా అక్క ఉంది కదా అనుకునేదాన్ని. ఇప్పుడు తప్పు నాది కాదన్నావు. అక్క కూడా లేకుండా పోయింది."

పెద్దమ్మ లేచి నిలబడింది. ఎటు వెళ్లాలో తెలియక గుమ్మం వైపు రెండడుగులు వేసింది.

"ఎక్కడికి?" అంది చెల్లెలు. "పొద్దున్న ఆరింటికి బస్సు. అది నడవలేదు, నేను ఎత్తుకోవాలి. సంచి పట్టుకోవడానికి మనిషి కావాలి. నాకు ఇంకెవరున్నారు?"

"వస్తాను."

"రా. నాతో మాత్రం మాట్లాడకు."

లోపలి నుంచి నలుసు పిలిచింది. గొంతు నీరసంగా ఉంది. "పెద్దమ్మా, వచ్చావా? రేపు సూది గుచ్చేటప్పుడు నా చెయ్యి నువ్వే పట్టుకోవాలి. అమ్మ వద్దు, అమ్మ ఏడుస్తుంది."

పెద్దమ్మ చెల్లెలి వంక చూసింది. చెల్లెలు సంచి మూతి కట్టుకుంటోంది.

"సరేనని చెప్పు" అంది.

"సరే నలుసూ" అంది పెద్దమ్మ.